సైనికుల జీతం మీద పన్ను: ఎక్కడ ఎత్తేయాలి, ఎక్కడ ఉంచాలి

మారతహళ్ళిలో ఉంటున్న చిత్తూరు జిల్లా తమ్ముడొకరు అడిగారు: "మా అన్నయ్య ఆర్మీలో సుబేదార్. పోయిన ఏడాది సియాచిన్‌లో మూడు నెలలు ఉండి వచ్చాడు. ఈసారి ఫారం 16 చూస్తే డెబ్బై వేల పైన పన్ను పట్టేశారు. ప్రాణాలకు తెగించి అక్కడ నిలబడ్డవాడి దగ్గర కూడా పన్నేంటండీ? ఎంపీలే కట్టరు, సైనికులు ఎందుకు కట్టాలి? మిలటరీ వాళ్ళందరికీ ఆదాయపు పన్ను పూర్తిగా ఎత్తేయొచ్చు కదా?"

నేను ఎయిర్‌ఫోర్స్‌లో అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు జాలహళ్ళిలో సర్వీసులో ఉన్నవాళ్ళకూ, పెన్షనర్లకూ రిటర్నులు వేసిపెడుతుంటాను. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే. ఈ ప్రశ్న నా టేబుల్ ముందు కూర్చుని చాలామంది అడిగారు, కొందరు కోపంగా, కొందరు బాధగా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మిలటరీలో ఉన్న అందరికీ పన్ను పూర్తిగా ఎత్తేయడం నాకు సమ్మతం కాదు. కానీ మీ అన్నయ్యకు సియాచిన్ డబ్బు మీద పడిన పన్ను అన్యాయం, దాన్ని ఎత్తేయాల్సిందే. ఈ రెండు మాటలకూ పొంతన ఎలా కుదురుతుందో లెక్కలు చూస్తే మీకే తెలుస్తుంది.

ముందు ఎంపీల సంగతి తేల్చేద్దాం. ఎంపీల జీతానికి పన్ను ఉంది. అది 'ఇతర ఆదాయం' కింద లెక్కకొస్తుంది. రోజువారీ భత్యం, నియోజకవర్గ భత్యం లాంటివాటికే మినహాయింపు. ఉత్తరప్రదేశ్‌లో మంత్రుల పన్నును రాష్ట్ర ఖజానా కట్టే పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది, 2019లో ఆపేశారు. కాబట్టి "వాళ్ళు కట్టరు, వీళ్ళు ఎందుకు కట్టాలి" అనే వాదన నిలబడదు. సైనికుల తరఫున మాట్లాడటానికి అంతకంటే గట్టి కారణాలు ఉన్నాయి.

ఇప్పుడు మీ అన్నయ్య లెక్క. ఆయన బేసిక్ ఎంతో మీరు రాయలేదు. సీనియర్ సుబేదార్ కాబట్టి 62,200 అనుకుందాం. దాని మీద మిలటరీ సర్వీస్ పే 5,200. రెండూ కలిపి 67,400. ఏడాదంతా డీఏ 58 శాతం చొప్పున వేస్తే నెలకు 1,06,492 అవుతుంది. ఏడాదికి 12,77,904. చిన్నాచితకా అలవెన్సులు పక్కన పెడుతున్నాను. కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, కానీ మినహాయింపులు చాలావరకు ఉండవు) స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12,02,904 మిగులుతుంది. అక్కడ 12 లక్షల వరకు రాయితీ వల్ల పన్ను పడదు. ఆ గీత దాటింది 2,904 రూపాయలే కాబట్టి, మార్జినల్ రిలీఫ్ (గీత కొంచెమే దాటితే, దాటినదానికంటే ఎక్కువ పన్ను వేయకూడదనే నియమం) ప్రకారం పన్ను కూడా అంతకు మించదు. సెస్సుతో కలిపి సుమారు 3,020 రూపాయలు. అంటే ఆయన ఆ ఏడాదంతా పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకు దూరంగా మామూలు కంటోన్మెంటులో, ఉండి ఉంటే కట్టాల్సింది ఈ మూడు వేలే.

ఇప్పుడు సియాచిన్ కలపండి. అక్కడ ఉన్న జవాన్లకూ, జేసీవోలకూ (సుబేదార్ లాంటి ర్యాంకులవాళ్ళు) నెలకు 30,000 అలవెన్సు. 2017లో 14,000 నుంచి పెంచారు. మూడు నెలలకు 90,000. పన్ను లెక్కించే ఆదాయం 12,92,904కు చేరింది. గీత బాగా దాటింది కాబట్టి ఇక్కడ మార్జినల్ రిలీఫ్ పనిచేయదు, మామూలు శ్లాబులే. పన్ను 73,936, సెస్సుతో 76,893. అందులోంచి ముందు చెప్పిన 3,020 తీసేయండి. సియాచిన్ వెళ్ళినందుకు వచ్చిన 90,000లో సుమారు 73,900 రూపాయలు పన్నుకే పోయాయి. చేతికి మిగిలింది పదహారు వేలు.

ఈ లెక్క మీరే కాగితం మీద వేసి చూసుకోండి. ఆయన పాత విధానానికి మారినా లాభం లేదు, అక్కడ పన్ను ఇంకా ఎక్కువ వస్తుంది. ఇరవై వేల అడుగుల ఎత్తున, ఊపిరి అందని చోట, రాత్రి పూట మైనస్ యాభైకి పడిపోయే చలిలో మూడు నెలలు కాపలా కాసినందుకు ఇచ్చిన డబ్బు ఇది. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో ఐదింట నాలుగొంతులు వెనక్కి తీసుకుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. 12 లక్షల రాయితీ, మార్జినల్ రిలీఫ్, కొత్త విధానంలో మినహాయింపుల రద్దు, ఈ మూడూ ఒకచోట కలవడం వల్ల పడిన దెబ్బ. కానీ దెబ్బ తగిలినవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

అందుకని అందరికీ ఎత్తేద్దామా? అప్పుడు ఎవరికి ఎంత దక్కుతుందో చూడండి.

అగ్నివీర్‌గా చేరిన కుర్రాడికి మొదటి ఏడాది నెలకు 30,000. ఏడాదికి 3,60,000. నాలుగు లక్షల లోపు ఎలాగూ పన్ను లేదు. అతనికి కొత్తగా వచ్చేది సున్నా. హవల్దార్ బేసిక్ 40,000 అనుకుంటే సర్వీస్ పే, డీఏ కలిపి ఏడాదికి ఎనిమిదిన్నర లక్షల పైన వస్తుంది. 12.75 లక్షల వరకు జీతానికి పన్ను పడదు కాబట్టి అతనికీ సున్నానే. ఇక వింగ్ కమాండర్‌ను తీసుకోండి. ఆర్మీలో లెఫ్టినెంట్ కల్నల్ అదే స్థాయి. ఆ లెవెల్‌లో మొదటి బేసిక్కే 1,21,200, సర్వీస్ పే 15,500. డీఏతో ఏడాదికి దాదాపు 25.9 లక్షలు. కొత్త విధానంలో పన్ను 3,48,000 పైచిలుకు. పూర్తి మినహాయింపు వస్తే ఆయనకు ఈ మూడున్నర లక్షలూ మిగులుతాయి. ఆయన హెబ్బాళ్‌లోని ట్రైనింగ్ కమాండ్ ఆఫీసులో బల్ల దగ్గర ఉన్నా సరే, లడఖ్‌లో ఉన్నా సరే.

ఆఫీసర్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్ళ కింద పనిచేశాను, వాళ్ళలో ఎంత మంచివాళ్ళున్నారో నాకు తెలుసు. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి ముందు నిలబడింది సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు. ఆఫీసర్ల ప్రాణం చవకని ఎవరూ అనలేరు. నేను అంటున్నది లెక్క గురించి. పన్ను మినహాయింపు జీతాన్ని బట్టి పెరుగుతుంది. ప్రమాదంతో దానికి సంబంధం లేదు. సైనికుడి త్యాగం పేరు చెప్పి తెచ్చిన రాయితీలో సిపాయికి రూపాయి రాకుండా, పీస్ స్టేషన్‌లో ఉన్న పెద్ద ర్యాంకుకు లక్షలు రావడం నాకు సబబుగా తోచదు. రిటైరయ్యాక పెద్ద పెన్షన్లకు కూడా వర్తింపజేయమని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడా ఇదే కథ.

ఇంకో చిక్కు ఉంది. మినహాయింపు మనిషికా, జీతానికా? మనిషికి అంటే అతని అద్దెలు, షేర్ల లాభాలు, ఎఫ్‌డీ వడ్డీలు అన్నీ పన్ను లేకుండా పోతాయి. బెంగళూరులో ఇళ్ళ స్థలాల రేట్లు మీకు తెలుసు. యలహంక చుట్టూ, దేవనహళ్ళి వైపు స్థలాలు కొనే బంధువులు మిలటరీలో ఉన్న మేనల్లుడి పేరు మీదో, బావమరిది పేరు మీదో రాయించుకోరా? పాపం ఆ కుర్రాడు ఏ సరిహద్దులోనో ఉంటాడు, వాడి పాన్ కార్డు మాత్రం ఇక్కడ తిరుగుతూ ఉంటుంది. రిఫండులో వాటా తీసుకుని లేని విరాళాలు, లేని ప్రీమియాలు చూపించి జవాన్ల రిటర్నులు వేసే ఏజెంట్లను నేను చూశాను. నోటీసు వచ్చినప్పుడు ఏజెంటు ఫోన్ ఎత్తడు, కుర్రాడు సెలవు పెట్టుకుని పరిగెత్తాలి. మిలటరీ మనిషికి అసలు పన్నే లేదంటే, ఇలాంటివాళ్ళు వాలడానికి అంతకంటే ఏం కావాలి?

గీత ఎక్కడ గీయాలన్నది కూడా తేలదు. సైన్యం అంటే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అని ఆగితే సీఆర్‌పీఎఫ్ సంగతి? బస్తర్ అడవుల్లో మందుపాతరల మధ్య ఏళ్ళ తరబడి తిరిగింది వాళ్ళు. వాళ్ళకు మిలటరీ సర్వీస్ పే కూడా లేదు. 1989లో మన రాష్ట్రంలో పుట్టిన గ్రేహౌండ్స్ కుర్రాళ్ళ సంగతి? వాళ్ళు కూంబింగ్‌కు వెళ్ళిన రోజుల్లో ఇంట్లోవాళ్ళు ఎలా గడిపేవారో ఆ కుటుంబాలను అడగండి. యూనిఫాం రంగును బట్టి పన్ను పోతుందంటే వీళ్ళ మొహం చూసి ఏం చెప్తాం? వచ్చిన డబ్బు ఎందుకు ఇచ్చారో చూసి పన్ను తీసేస్తే, ఈ గొడవ లేకుండా వీళ్ళందరూ లోపలికి వస్తారు.

ఇప్పటి చట్టంలో ఈ ఆలోచన కొంత ఉంది. మీకు తెలియని మినహాయింపులు ఇందులో ఉండొచ్చు కాబట్టి చెప్తాను. నేను చెప్పే సెక్షన్లు, నిబంధనలు 1961 చట్టం కిందివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, కానీ మీ అన్నయ్య 2025-26 ఆదాయానికి పాత చట్టమే.

పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, అలాగే ప్రభుత్వం నోటిఫై చేసిన ఇతర శౌర్య పతకాలు పొందినవాళ్ళ పెన్షన్‌కు సెక్షన్ 10(18) కింద పన్ను లేదు. వాళ్ళ తర్వాత ఆ కుటుంబానికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కూ లేదు. ఆపరేషన్ డ్యూటీలో చనిపోయినవాళ్ళ భార్యాపిల్లల ఫ్యామిలీ పెన్షన్‌కు 10(19) కింద పన్ను లేదు, అందులో పారామిలిటరీ వాళ్ళూ ఉన్నారు. గ్రాట్యుటీ, రిటైరయ్యేటప్పుడు కమ్యూట్ చేసుకున్న (కొంత భాగాన్ని ఒకేసారి తీసుకున్న) పెన్షన్, మిగిలిన సెలవులకు వచ్చే డబ్బు, ఇవన్నీ పూర్తిగా పన్ను లేనివే. అగ్నివీర్‌కు నాలుగేళ్ళ తర్వాత వచ్చే సేవానిధికీ పన్ను లేదు. క్యాంటీన్ సరుకుల మీద జీఎస్టీలో సగం రాయితీ ఉంది. కర్ణాటకలో మామూలు ఉద్యోగుల జీతంలో నెలనెలా కోసే వృత్తి పన్ను సైనిక చట్టాల కిందికి వచ్చేవాళ్ళకు లేదు.

ఈ వరుస చూస్తే మన చట్టం గాయానికీ, చావుకీ, శౌర్యానికీ మినహాయింపు ఇస్తోంది, మామూలు నెల జీతానికి ఇవ్వడం లేదు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మీరుండే మారతహళ్ళికి నైరుతి దిక్కున బేగూరులో నాగేశ్వరాలయం దగ్గర వీరగల్లులు (యుద్ధంలో పోయిన వీరుల స్మారక శిలలు) దొరికాయి. అందులో తొమ్మిదో శతాబ్దం చివరి నాటి శాసనంలో బెంగళూరు యుద్ధం ప్రస్తావన ఉంది. ఈ ఊరి పేరు కనిపించే అతి పాత ఆధారం అదే అంటారు. ఆ కాలంలో యుద్ధంలో ప్రాణం పోయినవాడి కుటుంబానికి పన్ను లేని భూమి ఇచ్చేవాళ్ళు. కన్నడ దేశంలో నెత్తరు గొడగె, తెలుగు నేల మీద రక్తమాన్యం. కత్తి పట్టిన ప్రతివాడికీ ఇచ్చింది కాదది. నెత్తురు చిందిన ఇంటికి ఇచ్చింది. వెయ్యేళ్ళ కిందటి ఆ న్యాయం నాకు ఇప్పటికీ సరైనదిగానే కనిపిస్తుంది.

మరి లోటు ఎక్కడుంది? మూడు చోట్ల ఉంది. మూడూ నాకు రోజూ ఎదురయ్యేవే.

మొదటిది ఫీల్డ్ అలవెన్సులు. 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 2బీబీ అని ఒకటి ఉంది. ఏ అలవెన్సులో ఎంత వరకు పన్ను లేదో అందులో పట్టిక ఉంటుంది. హైలీ యాక్టివ్ ఫీల్డ్ ఏరియాకు నెలకు 4,200. మామూలు ఫీల్డ్ ఏరియాకు 2,600. తిరుగుబాటుదారుల మీద పోరాడే ప్రాంతాల్లో 3,900. తొమ్మిది వేల నుంచి పదిహేను వేల అడుగుల ఎత్తుకు 1,060, అంతకు మించితే 1,600. సియాచిన్ ప్రాంతానికి 7,000. ఇవి పాత జీతాల కాలంలో రాసిన అంకెలు. రెండు పే కమిషన్లు జీతాలు మార్చాయి, అలవెన్సులు మార్చాయి, ఈ అంకెలు మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాయి. సియాచిన్ అలవెన్సు 30,000 అయ్యాక 7,000కే మినహాయింపు ఏమిటి? అదీ పాత విధానం ఎంచుకుంటేనే. కొత్త విధానంలో ఈ పట్టికలోని ఫీల్డ్ అలవెన్సులకు మినహాయింపే లేదు. అందరినీ కొత్త విధానం వైపు నడిపిస్తూ సియాచిన్ జవానును కూడా ఆ గుంపులోనే తోసేశారు.

దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. విదేశాల్లో మన రాయబార కార్యాలయంలో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగికి అక్కడ ఇచ్చే అలవెన్సులకు సెక్షన్ 10(7) కింద పన్ను లేదు. పరిమితి లేదు. కొత్త విధానంలో కూడా ఆ మినహాయింపు ఉంది. పరాయి దేశంలో ఖర్చులు ఎక్కువ కాబట్టి ఇచ్చే డబ్బు అది, దాని మీద పన్ను వేయకపోవడం సబబే. పారిస్‌లో ఇంటి అద్దెకు వర్తించిన న్యాయం సియాచిన్‌లో మంచుకు ఎందుకు వర్తించదు? ఏళ్ళుగా నేను అడుగుతున్న ప్రశ్న ఇది. సంతృప్తికరమైన సమాధానం ఎవరి దగ్గరా వినలేదు. మీ అన్నయ్య తరఫున ఎవరైనా వాదించాలంటే ఈ ఒక్క పోలిక చాలు.

రెండోది డిజబిలిటీ పెన్షన్. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి ఇచ్చే ఈ పెన్షన్‌కు మొదటి నుంచీ పన్ను ఉండేది కాదు. 2019 జూన్‌లో ఆదాయపు పన్ను వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు సీబీడీటీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వైకల్యం వల్ల మధ్యలోనే సర్వీసు నుంచి పంపేసినవాళ్ళకే ఈ మినహాయింపు, పూర్తి సర్వీసు చేసి రిటైరైనవాళ్ళకు లేదు అని. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు ఆ ఆగస్టులోనే చెప్పింది.

దీని అర్థం ఏమిటో ఒక మనిషి ద్వారా చెప్తాను. జాలహళ్ళిలో నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ టెక్నీషియన్ సర్వీసంతా ఫ్లైట్ లైన్‌లో, జెట్ ఇంజన్ల పక్కన గడిపారు. వినికిడి బాగా దెబ్బతింది. నేను మాట్లాడితే నా పెదాల వైపు చూస్తారు, అర్థం కాకపోతే భార్య చెవి దగ్గర గట్టిగా చెప్తుంది. ఆయన పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు పత్రంలో, డిజబిలిటీ ఎలిమెంట్ అని విడిగా రాసి ఉంది, ఎంత శాతమో కూడా ఉంది. చెవి పోయినా పనిలోంచి తప్పుకోకుండా చివరి రోజు వరకు డ్యూటీ చేసినందుకు, ఆ సర్క్యులర్ ప్రకారం మినహాయింపు ఉండదు. మధ్యలోనే బయటికి వచ్చేసి ఉంటే ఉండేది. దెబ్బ తగిలినా నిలబడి పనిచేసినవాడికి తక్కువ, తప్పుకున్నవాడికి ఎక్కువ. ఇది ఏ రకంగా న్యాయం?

ప్రభుత్వం వైపు వాదన కూడా ఉంది, దాన్ని దాచను. డిజబిలిటీ పెన్షన్‌తో రిటైరవుతున్న ఆఫీసర్ల నిష్పత్తి జవాన్ల కంటే బాగా ఎక్కువగా ఉందని, అందులో బీపీ, షుగర్ లాంటి జబ్బులు చాలా ఉన్నాయని 2023లో ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదిక ఎత్తిచూపింది. ఆ అనుమానం నిజమైన చోట మెడికల్ బోర్డులు గట్టిగా చూడాలి. అర్హత నిబంధనలు అదే ఏడాది మార్చారు కూడా. అనర్హులకు పెన్షనే ఇవ్వకూడదు. ఒకసారి బోర్డు సర్వీసు వల్లే వైకల్యం వచ్చిందని తేల్చాక, ఆ డబ్బు నష్టపరిహారం. పరిహారం మీద పన్ను వేయడానికి నా మనసు ఒప్పదు.

మూడోది వితంతువుల ఫ్యామిలీ పెన్షన్. ఆపరేషన్‌లో చనిపోతే పన్ను లేదని చెప్పాను. కానీ శిక్షణలో ప్రమాదం జరిగో, పీస్ స్టేషన్‌లో డ్యూటీకి వెళ్తుంటే రోడ్డు మీద లారీ గుద్దో పోయినవాడి భార్యకు అది వర్తించదు. నిబంధనల్లో ఏ పరిస్థితుల్లో చావు ఆపరేషన్ కిందికి వస్తుందో జాబితా ఉంది. అందులో లేకపోతే పెన్షన్‌లో మూడో వంతు గానీ, పాత విధానంలో 15,000, కొత్తదాంట్లో 25,000 గానీ, ఏది తక్కువైతే అది తీసేసి మిగతాది ఆదాయం కింద కలుపుతారు. 12 లక్షల రాయితీ వచ్చాక చాలామందికి పన్ను పడటం లేదు, అది సంతోషమే. కానీ ఆమె చిన్నదో పెద్దదో ఉద్యోగం చేస్తుంటే మళ్ళీ పడుతుంది. డ్యూటీలో పోయిన ప్రతి ప్రాణానికీ ఒకే మినహాయింపు ఇవ్వాలని నా కోరిక.

అమెరికాలో ఏం చేస్తారో చూడండి, మనకు పనికొచ్చే నమూనా అది. అక్కడ సైనికులు మామూలుగా పన్ను కడతారు. యుద్ధ క్షేత్రంగా ప్రకటించిన చోట నెలలో ఒక్క రోజు డ్యూటీ చేసినా జవాన్లకు ఆ నెల జీతం మొత్తం మినహాయిస్తారు. ఆఫీసర్లకు మాత్రం పరిమితి ఉంది. జవాన్లలో అత్యున్నత ర్యాంకు జీతం, దాని మీద ప్రమాద భత్యం 225 డాలర్లు, అంతవరకే. ర్యాంకు ఎంత పెరిగినా ఆ పరిమితి దగ్గర ఆగాల్సిందే. ఈ రెండు నియమాలతోనే ప్రమాదం ఉన్నవాడికి రాయితీ చేరుతుంది, పెద్ద జీతానికి పెద్ద రాయితీ అనే సమస్య కూడా పోతుంది. మనం సియాచిన్, హైలీ యాక్టివ్ ఫీల్డ్, తిరుగుబాటు ప్రాంతాల అలవెన్సులను పూర్తిగా, రెండు విధానాల్లోనూ, సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్‌లతో సహా మినహాయిస్తే చాలు. నెల జీతం జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇక మామూలు జీతం చాలడం లేదంటే జీతమే పెంచాలి. 2008లో ఆరో పే కమిషన్ తర్వాత మిలటరీ సర్వీస్ పే మొదలైంది అందుకే. మిలటరీ జీవితంలోని కష్టానికి విడిగా ఇచ్చే డబ్బు. అప్పుడు జవానుకు 2,000, ఆఫీసరుకు 6,000. ఏడో కమిషన్ వాటిని 5,200, 15,500 చేసింది. దీన్ని పెంచితే పన్ను కట్టే స్థాయికి రాని సిపాయికి కూడా ఆ పెంపు చేరుతుంది, పార్లమెంటులో బడ్జెట్ కాగితం మీద కనిపిస్తుంది. పన్ను రాయితీలో ఎవరికి ఎంత పోయిందో ఎవరికీ కనపడదు. ఎనిమిదో పే కమిషన్ ఏర్పడింది. జవాన్ల బేసిక్ పెరిగితే ఇప్పుడు 12.75 లక్షల లోపు ఉన్న హవల్దార్లు, నాయిబ్ సుబేదార్లు చాలామంది ఆ గీత దగ్గరికి వస్తారు. మీ అన్నయ్యకు ఈ ఏడాది జరిగింది అప్పుడు వేలమందికి జరుగుతుంది. అలవెన్సుల మినహాయింపు అంతకు ముందే సరిచేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఒక పక్క మాట. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీల పరిధిలోని సైనికుల ఇళ్ళకు ఇంటి పన్ను మినహాయింపు ప్రకటించారు. గౌరవంగా చేసిన పనే. కానీ తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊరు ఉంది. తరతరాలుగా ఇంటికొకరు మిలటరీకి వెళ్ళిన ఊరు. అలాంటి చోట ఇళ్ళ పన్ను పోతే వీధి దీపాలకూ, మురికి కాలువలకూ పంచాయతీ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఎక్కువమంది సైనికులను ఇచ్చిన ఊరికే ఎక్కువ నష్టం. రాష్ట్రం ఆ మొత్తాన్ని పంచాయతీకి ఇస్తేనే ఆ మినహాయింపు నిజంగా మేలు చేస్తుంది. ఆదాయపు పన్నులోనూ ఇలాంటిదే ఉంది. కేంద్రం వసూలు చేసే పన్నులో సెస్సులు పోగా 41 శాతం రాష్ట్రాలకు వస్తుంది. పెద్ద జీతాలకు పన్ను ఎత్తేస్తే ఆ మేరకు మన బడులకూ, ఆసుపత్రులకూ తగ్గుతుంది.

ఇప్పుడు మీ అన్నయ్య ఈ ఏడాది ఏం చేయాలో చెప్తాను. చట్టం మారేదాకా ఆగలేం కదా.

మొదట రెండు విధానాల్లోనూ లెక్క వేయండి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ప్రతి ఏడాదీ మార్చుకోవచ్చు, గడువులోపు రిటర్న్ వేస్తే చాలు. నా లెక్కలో కొత్తదే మేలు, కానీ వదినగారు పిల్లలతో బెంగళూరులో అద్దెకుంటే, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) వస్తుంటే, ఇంటి లోను ఉంటే పాతది కూడా చూడాలి. 2025-26కు బెంగళూరులో హెచ్ఆర్ఏ మినహాయింపు లెక్క బేసిక్, డీఏ మీద 40 శాతమే. చెన్నైలో ఉండి ఉంటే 50 శాతం వచ్చేది. ఎవరైనా "డబ్బంతా వెనక్కి రప్పిస్తాను, పది శాతం ఇవ్వండి" అంటే అన్నయ్య పాస్‌వర్డ్ ఇవ్వనివ్వకండి.

రెండోది ముఖ్యం. ఆ 90,000 ఏ నెలల డబ్బో చూడండి. ఫీల్డ్ అలవెన్సు పార్ట్ టూ ఆర్డర్ (యూనిట్ జారీ చేసే అధికారిక నమోదు) పడ్డాకే జీతంలోకి వస్తుంది, ఆ ఆర్డర్ ఆలస్యమైతే డబ్బు నెలల తర్వాత ఎరియర్స్‌గా పడుతుంది. ఆయన సియాచిన్‌లో ఉన్నది 2025 మార్చి లోపు నెలల్లో, డబ్బు పడింది ఏప్రిల్ తర్వాత అయితే, సెక్షన్ 89 రిలీఫ్ వస్తుంది. కొత్త విధానంలోనూ వస్తుంది. అంటే ఆ డబ్బు అది చెందాల్సిన ఏడాదిలో కలిపితే ఎంత పన్ను పడేదో లెక్కించి, తేడా తగ్గిస్తారు. 2024-25లో రాయితీ గీత 7 లక్షలే కాబట్టి ఆయన అప్పటికే పన్ను శ్లాబులో ఉంటారు. కొత్త విధానంలో అయితే ఆ ఏడాది జీతాన్ని బట్టి 90,000 మీద 15 శాతమో, 20 శాతమో పడుతుంది, ఈ ఏడాది పోయిన 73,900తో పోలిస్తే చాలా తక్కువ. దీనికి ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో రిటర్న్ కంటే ముందే వేయాలి. అది వేయకుండా రిటర్న్‌లో రిలీఫ్ చూపిస్తే నోటీసు వస్తుంది. జులై 31 లోపు అన్నయ్య దగ్గర పార్ట్ టూ ఆర్డర్ కాపీ, ఆ రెండేళ్ళ పే స్లిప్పులు తెప్పించి పెట్టుకోండి. ఆర్డర్ మీద తేదీలు నాకు రాస్తే, రిలీఫ్ ఎంత వస్తుందో నేను లెక్కేసి చెప్తాను.